పాత ఈసీజీల కట్టలో నా చేతిరాతే కనబడింది, ఇప్పుడు నేనేం చెయ్యాలి?

పై ప్రశ్న ఒక ఉత్తరంలో వచ్చింది, రాసినవాళ్లు పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయట్లేదు. ఉత్తరం చాలా పొడుగ్గా ఉంది, మధ్యమధ్యలో డాక్టర్ల భాష బోలెడు, అందుకని కుదించి వీలైనంత మామూలు మాటల్లో చెప్తాను.

రాసినావిడ డాక్టరు, గుండె జబ్బుల విభాగంలో రీసెర్చ్ చేస్తున్నారు. పని ఏంటంటే పాత ఈసీజీలు తిరగెయ్యడం. కొంతమంది ఛాతీ నొప్పితో వస్తారు, ఈసీజీలో ఎస్‌టీ ఎలివేషన్ (గీతలో ఎస్‌టీ అనే ముక్క పైకి లేవడం) కొలతకి సరిపోలేదని "నాన్ ఎస్‌టీ గుండెపోటు" అని పేరు పడుతుంది, తీరా మర్నాడో ఎల్లుండో యాంజియో (రక్తనాళాల్లోకి రంగు మందు పంపి తీసే ఎక్స్‌రే) చేస్తే రక్తనాళం పూర్తిగా మూసుకుపోయి ఉంటుంది. అలాంటివాళ్ల మొట్టమొదటి ఈసీజీలోనే ఆ సంగతి చెప్పే గుర్తులేమన్నా ఉన్నాయా అని ఈవిడ వెతుకుతున్నారు. మూడు నెలల కిందట ఆ కట్టలో ఒక కాగితం దగ్గర చెయ్యి ఆగిపోయిందట. పైన పేషెంటు పేరు, నంబరు కనబడకుండా కొట్టేసారు గానీ కింద కుడి మూల అలాగే వదిలేసారు. అక్కడ నీలం పెన్నుతో "కొత్త మార్పులేమీ లేవు" అని ఇంగ్లీషులో ఒక లైను, పక్కన టైము, కింద పొట్టి సంతకం. ఆ రాత ఈవిడదే. నాలుగేళ్ల కిందట నైట్ డ్యూటీలో రాసింది.

ఆ రాత్రి వచ్చినాయన యాభై దాటిన మనిషి, గంట నుంచి నొప్పి. వీ2, వీ3 లీడ్స్‌లో (ఛాతీ ముందు వైపు నుంచి తీసే గీతల్లో) ఎస్‌టీ ఒక మిల్లీమీటరు లేచింది, అంతే. ఈవిడ సీనియర్‌కి ఫోన్ చేసారు. ఆయన "ఎన్ని మిల్లీమీటర్లు?" అన్నారు, ఈవిడ "ఒకటి సార్" అన్నారు, "అయితే ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగేది) చూసుకుని పొద్దున మాట్లాడదాం" అని పెట్టేసారు. మొదటి ట్రోపోనిన్ దాదాపు నార్మలే. పొద్దున వచ్చింది మాత్రం చాలా ఎక్కువ. యాంజియో చేసే క్యాథ్ ల్యాబ్‌కి తీసుకెళ్తే గుండె ముందు భాగానికి రక్తం ఇచ్చే పెద్ద నాళం మొదట్లోనే పూర్తిగా మూసుకుపోయింది. స్టెంట్ వేసారు, కానీ అప్పటికే కండరం చాలావరకు చచ్చిపోయింది. మూడో రోజు ఆయన చనిపోయారు.

"ఇప్పుడు అదే కాగితం చూస్తుంటే వీ2 నుంచి వీ4 దాకా టీ వేవ్స్ (ఎస్‌టీ తర్వాత వచ్చే గుబ్బలు) ఎంత లావుగా ఉన్నాయో, మూడో లీడ్‌లో ఎస్‌టీ ఎలా కిందకి జారిందో చిన్నపిల్లాడు కూడా చెప్పేట్టు ఉంది, ఆరోజు నా కళ్లు ఏమయ్యాయో తెలీదు" అని రాసారు. గైడ్‌కి చూపిస్తే ఆయన "అప్పటి రూల్ ప్రకారం నువ్వు రాసింది కరెక్టే, ఆ ఒక్క కేసూ తీసేసెయ్యి, గొడవుండదు" అన్నారట. ఇంట్లో భర్తదీ అదే మాట. ఈవిడకి మాత్రం నిద్ర లేదు. డ్యూటీలో ఉంటే ప్రతి ఒక్కరికీ ఈసీజీ మూడేసి సార్లు తీయిస్తున్నారు, పోయిన నెల అర్ధరాత్రి క్యాథ్ ల్యాబ్ టీమ్ మొత్తాన్ని లేపితే ఆ పేషెంటుకి రక్తనాళాలన్నీ శుభ్రంగా ఉన్నాయి. అడుగుతున్నది నాలుగు ప్రశ్నలు. తప్పు నాదేనా? ఆ కేసు తీసెయ్యాలా? ఆయన ఇంటివాళ్లకి చెప్పాలా? అసలు నేను ఈ పని మానెయ్యాలా?

డాక్టరమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నేనూ చాలా ఏళ్లు క్యాజువాలిటీలో నిలబడి ఇప్పుడు రిటైరై కూర్చున్న మనిషినే, అందుకని కొంచెం కటువుగా మాట్లాడితే ఏమీ అనుకోకండి, మనలో మనం మాట్లాడుకున్నట్టే అనుకోండి.

"తప్పు నాదేనా" అని ఒక్క ప్రశ్నగా అడిగారు గానీ అందులో మూడు పీచులు చిక్కుపడి ఉన్నాయి. ఆరోజు రూల్ ప్రకారం మీరు చదివింది తప్పా? ఆ రూలే తప్పా? రూల్‌తో సంబంధం లేకుండా ఆ రాత్రి చెయ్యాల్సినవి ఇంకేమన్నా ఉన్నాయా? ఈ మూడింటికీ జవాబులు వేరు. మీరు మూడూ కలిపి ముద్ద చేసి నెత్తిన పెట్టుకున్నారు, గైడ్ గారేమో మొదటిదానికి మాత్రం జవాబు చెప్పి మిగతా రెండూ కూడా అయిపోయాయనుకుంటున్నారు.

మొదటిది తొందరగా తేల్చేద్దాం. ఈసీజీ కాగితం మీద చిన్న గడి ఒక మిల్లీమీటరు. వీ2, వీ3 లీడ్స్‌లో నలభై, ఆపైన వయసున్న మగవాళ్లకి ఎస్‌టీ 2 మిల్లీమీటర్లు లేవాలి, నలభై లోపు మగవాళ్లకి 2.5, ఆడవాళ్లకి 1.5, మిగతా లీడ్స్‌లో 1, అదీ పక్కపక్కనున్న రెండు లీడ్స్‌లో కనబడాలి. మీ పేషెంటుకి ఒకటే లేచింది. రూల్ తెలిసిన ఎవరు చదివినా ఆరోజు "సరిపోదు" అనే అంటారు. ఆ మేరకు మీ గైడ్ చెప్పింది నిజం. "మార్పులేమీ లేవు" అని రాయకుండా "ఒక మిల్లీమీటరు లేచింది, మళ్లీ తీసి చూడాలి" అని రాసుంటే బాగుండేది, అది వేరే సంగతి, దానికి మళ్లీ వస్తాను.

రెండోది, ఆ రూల్ సంగతి. ఇది మీకు నాకంటే ఎక్కువ తెలుసు, కానీ చదివే మిగతావాళ్ల కోసం చెప్పాలి. గుండెపోటులో ఎస్‌టీ లేస్తుందని న్యూయార్క్‌లో హెరాల్డ్ పార్డీ రాసింది 1920లో. ఆ తర్వాత చాలా ఏళ్లు అది చూసి చెయ్యగలిగింది పెద్దగా ఏమీ లేదు, మంచం మీద పడుకోబెట్టడం తప్ప. 1980లో డివుడ్ అనే డాక్టరు బృందం అప్పుడే గుండెపోటు వచ్చిన 322 మందికి యాంజియో చేసి చూస్తే, మొదటి నాలుగు గంటల్లో చేసినవాళ్లలో 87 శాతం మందికి నాళం పూర్తిగా మూసుకుపోయి కనబడింది. ఓహో ఇది గడ్డ కట్టిన రక్తం పని, దాన్ని కరిగిస్తే మనిషి బతుకుతాడు అని గడ్డ కరిగించే మందుల మీద పెద్దపెద్ద ట్రయల్స్ చేసారు. 1994లో అలాంటివి తొమ్మిది కలిపి, దాదాపు 58,600 మంది లెక్కలు ఒకచోట పెట్టి చూస్తే ఎస్‌టీ లేచినవాళ్లకీ, బండిల్ బ్రాంచ్ బ్లాక్ (గుండెలో కరెంటు దారి ఒకటి ఆగిపోవడం) ఉన్నవాళ్లకీ మందు పనిచేసింది, మిగతావాళ్లకి లాభం కనబడలేదు. గుండెపోటు గదికి రెండు తలుపులు పడింది అక్కడే. ఎస్‌టీ లేస్తే పరిగెత్తు, లేవకపోతే ఆగి చూడు.

చిక్కు ఏంటంటే ఆ ట్రయల్స్ అడిగిన ప్రశ్న "ఈ మందు ఎవరికి పనిచేస్తుంది" అని. "ఏ ఈసీజీ ఉంటే నాళం మూసుకున్నట్టు" అని ఎవరూ అడగలేదు. కానీ మనం వార్డుల్లో దాన్ని ఆ రెండో ప్రశ్నకి జవాబుగా వాడేసాం. 2017లో నలభై వేల మందికి పైగా "నాన్ ఎస్‌టీ" పేషెంట్ల లెక్కలు కలిపి చూస్తే నలుగురిలో ఒకరికి నాళం పూర్తిగా మూసుకుపోయే ఉంది, వాళ్లలో చావులు కూడా మిగతావాళ్లకంటే ఎక్కువే. 2008లో డి వింటర్ అని డచ్ డాక్టరు చూపించిన గుర్తు ఉంది కదా, ఎస్‌టీ లేవడం పోయి కిందకి దిగి అక్కణ్ణుంచి టీ వేవ్ నిటారుగా పైకి పోతుంది, ఆ ముందు నాళమే మూసుకుంటే వంద మందిలో ఇద్దరికి అలా కనబడుతుంది. వాళ్లని మిల్లీమీటర్లతో కొలిస్తే ఎప్పటికీ దొరకరు. 2018లో స్టీఫెన్ స్మిత్ వాళ్లు అసలీ పేర్లే మార్చండి, ఎస్‌టీ ఉందా లేదా అని కాదు నాళం మూసుకుందా లేదా అని పేరు పెట్టండి అని వాదన మొదలుపెట్టారు. 2022కి వచ్చేసరికి అమెరికన్ కాలేజ్ ఆఫ్ కార్డియాలజీ వాళ్ల కాగితంలోనే డి వింటర్ గుర్తు, గుండె వెనక వైపు వచ్చే పోటు, మీరు చెప్పే ఈ లావుపాటి టీ వేవ్స్, ఇవన్నీ ఎస్‌టీ లేచినట్టే లెక్కేసి చూడాలని వచ్చేసింది.

అంటే రూల్‌లో కన్నం ఉందమ్మా. ఆ కన్నాన్ని వెతికే పనిలోనే మీరున్నారు. ఇంకో దిక్కుమాలిన సంగతి చెప్తాను, మీ పేషెంటు డిశ్చార్జ్ కాగితం మీద, అదే డెత్ సమ్మరీ మీద, జబ్బు పేరు ఏమని ఉంటుంది? "నాన్ ఎస్‌టీ గుండెపోటు" అనే కదా. నాళం నూటికి నూరు మూసుకుపోయిందని కళ్లారా చూసాక కూడా పేరు మాత్రం ఈసీజీని బట్టే వేస్తాం. దాంతో కాగితాల్లో మొదటి రాత్రి రాసినదానికీ చివర రాసినదానికీ చక్కగా లెక్క సరిపోతుంది, తప్పు జరిగినట్టు ఎక్కడా కనబడదు, ఏ ఆడిట్‌లోనూ దొరకదు. నాలుగేళ్లు మిమ్మల్ని ఎవరూ ఏమీ అడగకపోవడానికి కారణం అదే. మీ రీసెర్చ్ చెయ్యబట్టి ఈ కాగితం బయటికొచ్చింది, లేకపోతే ఎప్పటికీ రాదు.

ఇక "చిన్నపిల్లాడు కూడా చెప్పేట్టు ఉంది" అన్నారే, అది నేను నమ్మను. మీకు జవాబు ముందే తెలుసు. ఏ నాళం, ఎక్కడ, ఎంత మూసుకుందో తెలిసి ఆ కాగితం చూస్తున్నారు. బొమ్మలో దాక్కున్న పులి ఎక్కడుందో ఒకసారి ఎవరన్నా వేలు పెట్టి చూపించాక మళ్లీ ఆ పులిని చూడకుండా ఉండటం కుదరదు కదా. 1975లోనే బరూక్ ఫిషాఫ్ అనే సైకాలజిస్టు దీన్ని ప్రయోగం చేసి చూపించాడు, జరిగింది ఏంటో ముందే చెప్పేస్తే మనిషి "ఇది ముందే తెలుస్తుంది కదా" అనుకుంటాడని, పైగా తనకి అలా చెప్పబట్టే అలా అనిపిస్తోందన్న సంగతి కూడా తెలుసుకోడని. కాబట్టి మీ కళ్లనీ నమ్మొద్దు, మీ గైడ్ ఓదార్పునీ నమ్మొద్దు, పరీక్ష పెట్టండి. ఆ ఈసీజీని ఒక యాభై వేరే ఈసీజీల్లో కలిపేయండి. అందులో నాళాలు శుభ్రంగా ఉన్నవాళ్లవి కూడా ఉండాలి, కుర్రాళ్లకి మామూలుగానే ఎస్‌టీ లేచి ఉండేవి, గుండె గోడ మందమైనవాళ్లవి, పొటాషియం పెరిగి టీ వేవ్ సూదిలా అయినవి, అన్నీ. వయసు, ఆడో మగో, నొప్పి ఎంతసేపటి నుంచి, అంతవరకే రాసి నలుగురైదుగురు డ్యూటీ డాక్టర్లకి ఇవ్వండి, ఏది మీదో మీరు తప్ప ఎవరికీ తెలియకూడదు. మీరు కాకుండా వేరేవాళ్లు పంచితే ఇంకా మంచిది, మీ మొహం చూసి కనిపెట్టేస్తారు.

వాళ్లలో ఎక్కువమంది దాటేసారనుకోండి, అది మీ కళ్ల లోపం కాదు, మనందరికీ నేర్పిన చూపు లోపం, అప్పుడు మీ రీసెర్చ్‌కి అంతకంటే బలమైన కారణం ఉండదు. ఎక్కువమంది పట్టేసుకున్నారనుకోండి, అప్పుడది చేదుగానే ఉంటుంది, ఆరోజు మీకది కనబడాల్సింది అని ఒప్పుకోవాలి, కానీ అప్పుడు కూడా ఎంత కనబడాల్సిందో కొలత దొరుకుతుంది. ఇప్పుడు రాత్రిళ్లు మీ తలలో నడిచే కోర్టులో కొలత లేదు, శిక్ష ఒక్కటే ఉంది.

మూడోదానికి వస్తాను. ఇక్కడ కటువుగా మాట్లాడతానన్నది.

మీ ఉత్తరంలో టీ వేవ్ గురించి పేజీన్నర ఉంది. దాని వెడల్పు, దాని పక్కన ఆర్ వేవ్ ఎంత పొట్టిగా ఉందీ, అన్నీ. పైన కుదించినప్పుడు నేను కావాలనే వదిలేసిన లైను ఒకటి ఉంది, నాలుగో పేజీలో, మీరు దాన్ని పట్టించుకోకుండా దాటిపోయారు. "రెండింటికోసారి, నాలుగింటికోసారి సిస్టర్ వచ్చి ఆయనకి ఇంకా నొప్పిగానే ఉందట మేడం అంది, ఇంజెక్షన్ రాసాను." నేను ఆగింది అక్కడ.

ఈసీజీ అంటే పది సెకన్ల సంగతి. ఆ పది సెకన్లలో గుండె ఎలా ఉందో చెప్తుంది, పదకొండో సెకను సంగతి దానికి తెలీదు. గడ్డ కట్టిన నాళం కాసేపు మూసుకుంటుంది, కాసేపు సందు ఇస్తుంది, మళ్లీ మూసుకుంటుంది, లావుగా ఉన్న టీ వేవ్ అరగంటలో ఎస్‌టీని లాక్కుని పైకి పోవచ్చు. నొప్పి తగ్గకపోతే మొదటి గంటలో పావుగంటకో అరగంటకో ఒకసారి ఈసీజీ మళ్లీ తీయాలి అన్నది ఈ కొత్త వాదనలన్నిటికంటే ముందు నుంచీ పుస్తకాల్లో ఉంది. మందు ఇచ్చినా నొప్పి వదలకపోతే ఎస్‌టీ లేవకపోయినా సరే రెండు గంటల్లోపు యాంజియోకి పంపాలి అన్నదీ ఉంది. దీనికి నాళం మూసుకుందని ముందే తెలియక్కర్లేదు, ఫిషాఫ్ అక్కర్లేదు, టీ వేవ్ అక్కర్లేదు. నొప్పి ఉంది అన్నారు, అది చాలు. ఇంజెక్షన్ ఇస్తే నొప్పి నోరు మూస్తుంది గానీ నాళం నోరు తెరవదు.

మొదటి ఈసీజీ ఒంటిగంటకి అన్నారు. రెండింటికి ఒకటి, నాలుగింటికి ఒకటి తీసుంటే ఏం కనబడేదో నాకు తెలీదు, మీకూ తెలీదు, ఎవరికీ తెలీదు. కనబడి పరిగెత్తినా ఆయన బతికేవారో లేదో కూడా చెప్పలేం. కానీ తియ్యాల్సింది. ఆ రాత్రి మీకింద ఎంతమంది పేషెంట్లున్నారో, పక్క బెడ్ మీద ఇంకెవరు పోతున్నారో మీరు రాయలేదు, అవన్నీ లెక్కలోకి వస్తాయి. మిల్లీమీటర్లు అడిగి నొప్పి ఉందా అని అడగకుండా ఫోన్ పెట్టేసిన సీనియర్ వాటా ఉంది, నొప్పి ఉన్న పేషెంటుకి ఈసీజీ దానంతటదే మళ్లీ తీసే పద్ధతి పెట్టని ఆస్పత్రి వాటా ఉంది. మీ వాటా అంత పెద్దదేం కాదు, అలాగని లేదని నేను చెప్పలేను. మీ మనసుకి ఇది తెలుసనే అనుకుంటున్నా, అందుకే టీ వేవ్ గురించి పేజీన్నర రాసింది. టీ వేవ్ తప్పైతే అది సైన్స్ తప్పు, చర్చించొచ్చు. ఆ లైను అలా కాదు కదా.

నాకూ ఒకటి ఉంది. ఒకావిడ, వెన్ను మధ్యలో నొప్పి, వీ1 నుంచి వీ3 దాకా ఎస్‌టీ కిందకి. రక్తం తక్కువ అందుతోంది అని రాసి మందులు మొదలుపెట్టి పక్కకి వెళ్లిపోయాను. వెనక్కి తిప్పి వీపు మీద మూడు లీడ్స్ పెట్టుంటే అర మిల్లీమీటరు లేచినా చాలు, గుండె వెనక గోడకి పోటు వచ్చిందని తెలిసిపోయేది. ఆ అలవాటు మా వార్డులో లేదు. లేదు అనేది నిజమే, నేను చదువుకున్న పుస్తకంలో ఉంది అనేదీ నిజమే. పదకొండేళ్లు ఎవరికీ చెప్పలేదు నేను. చెప్పకపోవడం వల్ల ఏమైందంటే ఆ పదకొండేళ్లూ మా జూనియర్లెవరికీ వీపు మీద లీడ్స్ పెట్టడం నేర్పలేదు, ఆ టాపిక్ వస్తేనే మాట మార్చేసేవాణ్ణి.

సరే, కేసు తీసెయ్యడం సంగతి. మీ గైడ్ చెడ్డవారని నేననను, మిమ్మల్ని కాపాడదామనే అన్నారు. కానీ ఎవరికీ చెప్పకుండా తీసేస్తే రెండు జరుగుతాయి. ఒకటి, ఏ రీసెర్చ్ అయినా మొదట్లో రాసుకున్న నియమం ప్రకారం ఎవరు రావాలో వాళ్లు రావాలి, చదివినావిడకి బాధగా ఉంది అని ఒక కేసు బయటికి పోతే రేపు ఇంకో కారణానికి ఇంకోటి పోతుంది, పైగా పోయేవన్నీ దాటిపోయిన కేసులే అవుతాయి, మీరు వెతుకుతున్నదీ దాటిపోయిన కేసులనే. రెండోది, ఆ కాగితం కట్టలోంచి పోతుంది గానీ మీ తలలోంచి పోదు, ఇప్పుడు దానికి "దాచాను" అనేది కూడా తోడవుతుంది.

ఉంచి, మీరు చదవకుండా పక్కకి తప్పుకోవడం ఇంకో దారి. గైడ్‌కి రాతపూర్వకంగా పెట్టండి, ఫలానా కేసులో పేషెంటుని చూసిన డాక్టరుని నేనే, దాన్ని వేరే ఇద్దరు చదవాలి, నా రీడింగ్ లెక్కలోకి తీసుకోవద్దు అని. ఆయనకి కొంచెం చిరాకు రావచ్చు, ఎథిక్స్ కమిటీకి ఒక ఉత్తరం రాయాల్సి రావచ్చు, నెలా రెండు నెలలు ఆలస్యం కావచ్చు. తర్వాత పేపర్ వెళ్లినప్పుడు ఎవరన్నా అడిగితే చూపించడానికి కాగితం ఉంటుంది. నాకైతే ఇదే నచ్చుతుంది, కానీ గైడ్‌తో పడకపోతే దాని ఖరీదు కట్టేది మీరు, నేను కాదు, అది ఆలోచించుకోండి.

మధ్యలో ఒక మాట, మీ కాపీల మీద కింది మూల కనబడుతోందంటే అది మీ ఒక్క కేసు సమస్య కాదు. ప్రతి కాగితం మీదా అప్పటి డ్యూటీ డాక్టరు రాసిన లైను మీ రీడర్లకి కనబడుతోంది. పైన మిషన్ ప్రింట్ చేసిన రిపోర్టు కూడా అలాగే ఉంటే ఇంకా ఘోరం. "నార్మల్" అని రాసున్న ఈసీజీని ఎవరు చదివినా కన్ను కొంచెం నార్మల్ వైపే పోతుంది. ఆ మూలలన్నీ మూసి మొదట్నుంచి చదివించాలి. ఇది మీ గైడ్‌కి నచ్చని పని, నాకు తెలుసు. ఇంకోటి కూడా, ఇప్పుడు మీరున్న మనసుతో మూసుకున్న నాళాల ఈసీజీలే చూస్తూ కూర్చుంటే ప్రతి టీ వేవూ లావుగానే కనబడుతుంది. తెరిచి ఉన్న నాళాల వాళ్లలో అదే టీ వేవ్ ఎంతమందికి ఉందో లెక్క లేకపోతే ఆ గుర్తుకి విలువ లేదు. పోయిన నెల మీరు లేపిన క్యాథ్ ల్యాబ్ టీమ్‌ని అడగండి, చెప్తారు.

ఇంటివాళ్లకి చెప్పాలా అన్నది నాలుగింట్లో కష్టమైనది, దీనికి నా దగ్గర ఒక్క జవాబు లేదు.

మీరే నేరుగా వెళ్లి చెప్పడం అనేది మీకు బాగా కావాలనిపిస్తున్న దారి, ఉత్తరం చదివితే తెలుస్తోంది. ఆగండి. ఆ కాగితం మీ చేతికి రీసెర్చ్ ద్వారా వచ్చింది. ఎవరిదో తెలుసుకోము, తెలుసుకున్నా వాళ్ల దగ్గరికి వెళ్లము అన్న మాట మీద ఆ ఈసీజీలు మీకు ఇచ్చి ఉంటారు. ఆ మాట తప్పితే మీ ఒక్కరి రీసెర్చే కాదు, రేపు ఇంకొకళ్లకి పాత ఫైళ్లు ఇవ్వడానికి కూడా జంకుతారు. అంతకంటే పెద్దది ఇంకోటి, నాలుగేళ్ల తర్వాత తలుపు కొట్టి "నేను టీ వేవ్ గమనించలేదు" అంటే వాళ్లకి ఏం అర్థమవుతుంది? పరీక్ష పెట్టకుండా, ఏది ఎవరి వాటానో తేలకుండా వెళ్తే మీ బరువు దింపి వాళ్ల గుమ్మంలో పెట్టి వచ్చినట్టవుతుంది.

అసలు చెప్పకుండా ఉండిపోవడం రెండోది. చాలామంది అదే చేస్తారు, నేనూ అదే చేసాను. పైకి ఏమీ కాదు. కానీ తమ మనిషి ఎలా పోయాడో తెలుసుకునే హక్కు వాళ్లకుంది, బహుశా ఆ రాత్రి "నొప్పి తగ్గట్లేదు" అని వాళ్లు కూడా చెప్పే ఉంటారు, ఎవరూ వినలేదని ఇప్పటికీ అనుకుంటూనే ఉండొచ్చు.

ఆస్పత్రి ద్వారా వెళ్లడం మూడోది. రీసెర్చ్ కాగితం పట్టుకుని కాకుండా, ఆ రాత్రి డ్యూటీ చేసిన డాక్టరుగా, ఫలానా రోజు నేను చూసిన పేషెంటు కేసు మళ్లీ పరిశీలించండి అని పేషెంట్ సేఫ్టీ చూసే కమిటీకి మీరే రాయడం. అలా రాయొచ్చా, రీసెర్చ్‌లో తెలిసిన సంగతిని ఎలా ప్రస్తావించాలి అని ముందు ఎథిక్స్ కమిటీని అడగండి. వాళ్లు సీనియర్‌ని పిలుస్తారు, నర్సుల నోట్స్ తీస్తారు, ఇంటివాళ్లకి చెప్పాలంటే అందరూ కూర్చుని చెప్తారు, మీరూ ఆ గదిలో ఉండాలి, ఉంటానని ముందే చెప్పండి. ఇందులో రిస్కు లేదని అనను. సీనియర్‌తో సంబంధం చెడొచ్చు, ఆస్పత్రి మిమ్మల్ని ఒక్కర్నే ముందుకి తోసి తాను వెనక్కి జరగొచ్చు, కేసు కోర్టుకి పోవచ్చు. ఒప్పుకోలు ఎలా రాస్తే ఏమవుతుందనేది మీరున్న చోట చట్టం మీద ఆధారపడుతుంది కాబట్టి ఒక్క అక్షరం రాసే ముందు మీ ఇన్సూరెన్స్ వాళ్లతోనో, వైద్యుల కేసులు చూసే లాయరుతోనో మాట్లాడండి. ఏ దారిలో వెళ్లినా సరే, పాత ఫైలు మాత్రం ముట్టుకోవద్దు. ఒక లైను చేర్చడం కూడా వద్దు, ఈరోజు తేదీ వేసి రాసినా వద్దు.

పని మానెయ్యడం గురించి. మానెయ్యాలంటే మానెయ్యండి, కానీ ఈ నెల మానెయ్యకండి, ఇప్పుడున్న నిద్రతో ఏ నిర్ణయమూ తీసుకోవద్దు. 2000లో ఆల్బర్ట్ వూ అనే అమెరికన్ డాక్టరు, తప్పు జరిగినప్పుడు ఆ డాక్టరు కూడా రెండో బాధితుడే అని రాసారు. నిజం చెప్పొద్దూ, నాకు ఆ పేరంటే కొంచెం ఇబ్బంది, చనిపోయినాయన భార్య ముందు నేనూ బాధితుణ్ణే అని ఎలా అంటాం. కానీ ఆయన చెప్పిన సంగతి మాత్రం ఉన్నదే, ఆ తర్వాత కొందరు పేషెంట్లకి భయపడిపోతారు, కొందరు ప్రతిదానికీ అలారం కొడతారు. మీరు రెండో రకంలో పడ్డారు. అందరికీ మూడేసి ఈసీజీలు తియ్యడం జాగ్రత్తలా కనబడుతుంది గానీ, నొప్పి లేనివాడికి మూడు తీసే చోట నొప్పి ఉన్నవాడికి నాలుగోది తియ్యడానికి టెక్నీషియన్ రాడు. యాంజియో కూడా ఊరికే చేసేది కాదు, దానికీ ప్రమాదం ఉంది. రెండుసార్లు ఉత్తినే లేపితే మూడోసారి మీ ఫోన్ ఎత్తినవాడు కూడా "ఎన్ని మిల్లీమీటర్లు" అనే అడుగుతాడు. మనసు సంగతి తెలిసిన డాక్టరునెవరినైనా కలవండి, మీ ఆస్పత్రిలో వాళ్లని కాకుండా బయట వాళ్లని. నైట్ డ్యూటీలు కొన్నాళ్లు తగ్గించమని అడగండి, అడగటం చిన్నతనం కాదు.

మీ వారు "రూల్ ప్రకారం చేసావు కదా" అంటున్నారని కోపంగా రాసారు. ఆయనకి ఎస్‌టీలు టీలు తెలీవు కదమ్మా, మీరు మళ్లీ నిద్రపోవాలని ఆయన కోరిక, దానికి ఆయన దగ్గరున్న మాట అదొక్కటే. ఆ నాలుగో పేజీ లైను ఆయనకి చెప్పారా? చెప్పలేదనే అనుకుంటున్నా.

ఇంకొకటి అడగాలని ఉంది. రెండింటికోసారి, నాలుగింటికోసారి లేచి వచ్చి మీకు చెప్పిన ఆ సిస్టర్ ఇంకా అక్కడే పనిచేస్తోందా? ఉత్తరం మొత్తంలో ఆవిడ ఊసు ఆ ఒక్క లైనులోనే ఉంది. మూడో రోజు ఆయన పోయినప్పుడు ఆవిడ డ్యూటీలో ఉందో లేదో, ఎవరన్నా ఆవిడతో మాట్లాడారో లేదో మీరు రాయలేదు.